నది అవతలి ముక్క

మోజెల్ గోనెసంచిలో ముందు రెండు చొక్కాలు పెట్టింది. వాటి మీద గుడ్డలో చుట్టిన మొక్కజొన్న రొట్టె, ఉప్పు పంది మాంసం. కంబళి పట్టలేదు. తీసి, ఇంకా చిన్నగా మడిచి కుక్కింది. అయినా పట్టలేదు. బరువైతే నడవలేనని ఆమె భర్త ఆస్‌బరీ దాన్ని లాగి, బిడ్డ నిద్రపోతున్న మంచం మీద పడేశాడు.

ఆ బిడ్డ పుట్టిన రోజే అతనికి కౌంటీ రోడ్డు పనికి పిలుపు వచ్చింది. ఈడొచ్చిన మగవాళ్ళంతా ఏటా కొన్నాళ్ళు ఎవరి పార వాళ్ళు పట్టుకెళ్ళి కౌంటీ రోడ్డు వెయ్యాలి. పెళ్ళాం నొప్పులు పడుతోందని ఆస్‌బరీ వెళ్ళలేదు. వారంట్ పుట్టింది. వారంట్ పడిన నల్లవాళ్ళని షెరీఫ్ పైన్ అడవుల్లో జిగురు తీసే వెట్టి శిబిరానికి తోలేవాడు. అక్కడినుంచి బతికి వచ్చినవాళ్ళు కూడా దాని ఊసెత్తరు.

అది కోర్టు వారం. కోర్టు ముగిసేదాకా షెరీఫ్ పట్టణం వదిలి రాడు. ఈలోగా నది దాటాలి. సోకనా నదికి ఇవతల హాల్‌బ్రూక్ కౌంటీ, అవతల వేరే కౌంటీ. అక్కడ ఈ షెరీఫ్ వారంట్ చెల్లదు. పాలు తాగే పిల్లలు తప్ప ఈ సంగతి తెలియనివాళ్ళు ఊళ్ళో లేరు.

పడవ మోజెల్ చిన్నాన్న కేజర్‌ది. అవతలి ఒడ్డున చేపలవాళ్ళ గుడిసెలో ఉంటానని, మోజెల్ నడవగలిగినప్పుడు ముగ్గురూ కలిసి రైలెక్కుదామని ఆస్‌బరీ అన్నాడు.

"అక్కడ ఆగకు. నేరుగా పో. మేం తరవాత వస్తాం," అంది మోజెల్.

"దాని మొహం ఇంకా సరిగ్గా చూడనే లేదు నేను. ఎట్లా పోను?"

"ఇంకా గుమ్మమే దాటలేదు, అప్పుడే బెంగా అల్లుడూ?" అని కేజర్ నవ్వాడు. "నది దాటాక ఆ షెరీఫ్ ఎంతో నా కోడిపుంజూ అంతేలే, పద."

మోజెల్ సంచి మూతి కట్టి అతని చేతికిచ్చింది. ఆగమనే ఆమెకీ లోపల ఉంది.

మధ్యాహ్నానికి అవతలి ఒడ్డు చెట్ల మీద సన్నగా పొగ లేచింది. అది చూశాకే ఆమె ఇంత గంజి తాగగలిగింది. బిడ్డకి నీళ్ళు పొయ్యడానికి వచ్చిన ఆస్‌బరీ పెద్దమ్మ లూడీ, వాడేడీ అని అడిగింది. గుడిసె సంగతి చెప్పగానే ఆమె చెయ్యి నీళ్ళలోనే ఆగిపోయింది.

"ఆ గుడిసె ఉన్నది మా నాన్న పత్తిచేలోనే కదే."

"అది నది అవతల కదా పెద్దమ్మా?"

"అప్పుడు ఇవతలే. నా చిన్నప్పుడు పెద్ద వరదొచ్చి నది మా చేను దాటి ఇటు జరిగింది. నదైతే జరిగింది గాని సరిహద్దు జరగలేదమ్మా. అది నది ఒకప్పుడు పారిన పాత మడుగు వెంటే ఉంది. ఆ నేలకి శిస్తు ఇప్పటికీ మన కోర్టులోనే కడతారు. ఇంకో మైలు నడిచుంటే బయటపడేవాడు."

మోజెల్ బిడ్డని ఆమె ఒళ్ళో పెట్టి పరుగెత్తింది. పచ్చి బాలింత, దారిలో రెండుసార్లు కూలబడింది. రేవులో కేజర్ వల బాగుచేసుకుంటున్నాడు. జడ్జికి జ్వరమొచ్చి కోర్టు పొద్దున్నే ముగిసిందట, అన్నాడు చేతి పని ఆపకుండా. కాస్త దిగువన తాడు పట్టి లాగే బల్లకట్టు మీద షెరీఫ్ కారు అవతలికి పోతోంది. షెరీఫ్ దానికి ఆనుకుని నిలబడి, పొగ లేస్తున్న వైపు చూస్తున్నాడు. అతనికి తొందరేమీ లేదు.

మోజెల్ చెప్పింది విని కేజర్ వల కింద పడేసి పడవ నీళ్ళలోకి తోశాడు. ఆమె ఒడ్డున నిలబడి ఆస్‌బరీ పేరు పెట్టి అరిచింది. గాలి ఎదురుగా వీస్తోంది.

కేజర్ వెళ్ళేసరికి గుడిసె తలుపు తెరిచి ఉంది. పొయ్యి మండుతోంది. గోనెసంచి మూలనే ఉంది, మనిషి లేడు. ఆ పేరు గలవాణ్ణి తాము పట్టుకోనే లేదని మర్నాడు కేజర్ వెళ్ళి అడిగితే జైల్లో చెప్పారు. శిబిరం వాళ్ళూ అదే మాట అన్నారు.

ఆస్‌బరీ పెటిగ్రూ 1919 అక్టోబరు పద్నాలుగో తేదీ, మంగళవారం నది దాటాడు. తిరిగి రాలేదు.