ఎడమచేతి కాఫీ

రోహిణీకార్తెలో రోళ్లు పగులునని పెద్దలన్న మాట పరదేశీయులకు సామెతయేమో గాని నెల్లూరివారికి ప్రత్యక్షానుభవము. ప్రచండమార్తాండుని ఖరకిరణములు ప్రాతఃకాలముననే పెన్నానది యిసుకతిన్నెలను పెనమువలె కాల్చి యా వేడిమిని పడమటిగాలి కప్పగింపగా నా గాలి మూలాపేట వీథులంబడి యింటింటి తలుపు తట్టుచు కూజాలలోని నీటిని సైతము వెచ్చచేసి పోవుచుండెను. కాకులు కూయుట మానెను. కుక్కలు కాలువగట్టున నాలుకలు వ్రేలవైచుకొని పడియుండెను. మనుష్యులు మాత్రము, ఔరా, అంతటి నిప్పులవానలోను పొగలుగ్రక్కు కాఫీ త్రాగుట మానలేదు. నెల్లూరివాని ప్రాణము కాఫీగ్లాసులో నున్నదని యెవరైన నన్నచో నేను కాదనను.

ఆ పేటలో నొక యద్దెయింట సర్వే కచేరిలో పటములు గీయు సుదర్శనరావను నేబదియేండ్ల గృహస్థుడు భార్యయగు మాణిక్యాంబతో కాపురముండెను. మాణిక్యాంబ కాఫీ యనిన నా వీథి కంతటికిని గర్వకారణము. ఇత్తడి ఫిల్టరులో పొడిని వ్రేలికొసలతో మెల్లగా నద్ది సలసలమరుగు నీరు పోసి చుక్కచుక్కగా దిగిన చిక్కని డికాషనులో నురుగుపాలు కలిపి యామె కుడిచేత నందించిన కాఫీని రుచిచూచినవాడు తన యింటి కాఫీని మొగము చిట్లింపక త్రాగలేకుండెను. అట్టి కుడిచేయి రెండున్నరయేండ్ల క్రిందట నొకనాటి యుదయమున పక్షవాతము సోకి భుజమునుండి వ్రేలాడు కట్టెయై పోయెను. కాలు కొంత కోలుకొనెను. చేయి కోలుకొనలేదు.

అయినను మాణిక్యాంబ ఓడిపోవు మనిషి కాదు. ఆసుపత్రినుండి వచ్చిన మూడవమాసమున ఫిల్టరును మోకాళ్లనడుమ నొక్కిపట్టి యెడమచేత పొడివేసి యెడమచేత నీరుపోసి రెండుమారులు చేయి కాల్చుకొని యొక గ్లాసెడు కాఫీ కలిపి పడకకుర్చీలో పత్రిక చదువుకొనుచున్న మగనికడకు గర్వముతో కొనిపోయెను. ఎడమచేత నిచ్చుటయు నెడమచేత పుచ్చుకొనుటయు మన యిండ్లలో నెంతటి యపచారమో చెప్పనక్కఱలేదు. వీపున దెబ్బతో మనమందఱమును నేర్చిన తొలిపాఠమది. సుదర్శనరావు చేయి చాచుచు తల యెత్తెను. ఎడమచేయి కనబడెను. చాచిన చేయి చటుక్కున వెనుకకు తీసికొనెను. అంతే. నోట నొక్క మాట రాలేదు, మనసున నొక్క చెడుతలంపు లేదు. మఱుక్షణముననే నాలుక కఱచుకొని మరల చేయి చాచెను గాని యప్పటికామె గ్లాసు నేలపై నుంచి లోనికి పోయెను.

నాటినుండి యామె పొయ్యికడ నిలువలేదు. మగడు కాచిన నీళ్లకాఫీని పన్నెత్తి వంకపెట్టక రెండేండ్లు త్రాగెను. వంకపెట్టినచో నాతనికి కొంత యూరటగా నుండెడిది. ఆ యూరట నామె యీయలేదు.

అతని గుండెలో నా చేయి వెనుకకు తీసిన నిమిషము ముల్లై దిగబడెను. ఆమె చేసిన కాఫీ మరల నొక్కమారు త్రాగినగాని యా ముల్లు రాదని తోచెను. ఒంటిచేత ఫిల్టరుతో కుస్తీపట్టలేకనే యామె మానుకొన్నదని యతని విశ్వాసము. పాపము, పటములు గీయువానికి కొలతలు తెలియును గాని మనసులు తెలియునా! నీరుపోసి మీట నొక్కినంతనే తానే కాచి తానే చుక్కచుక్కగా డికాషను దించు కరెంటు కాఫీమేకరులు వచ్చినవని కచేరిలో నెవరో యనగా విని యా రోహిణీకార్తె యెండలోనే గొడుగైన లేక ట్రంకురోడ్డులోని ఖాదర్ బాషా యంగడికి పోయెను.

ఖాదర్ బాషా నాలుగు యంత్రములు బల్లపై వరుసగా పెట్టి యొక్కొక్కదాని గుణగణములు వర్ణింపదొడగెను. లోకులు వన్నెచిన్నెలు చూతురు, ఎన్ని కప్పులు దిగునో యడుగుదురు. సుదర్శనరావు అవేవియు నడుగక మెడలోని తువ్వాలుతో కుడిచేతిని నడుమునకు కట్టుకొని యెడమచేత మొదటి యంత్రముపై పడెను. దాని గాజుకూజా బరువునకు మణికట్టు వాలిపోయి నీరు చొక్కాపై నొలికెను. రెండవదానిలో పొడివేయు గిన్నెను లాగగా యంత్రమే బల్లవెంబడి జారివచ్చెను. ఒకచేత పట్టి యొకచేత లాగవలసినది. మూడవదానికి పలుచని కాగితపు జల్లెడలు కావలెను. ఒకదానికొకటి యంటుకొన్న వానిని విడదీయుటకు రెండుచేతుల వ్రేళ్లును చాలవు. అంగడిలోని జనము మూగి కిసకిస నవ్వసాగిరి.

“ఏంది సార్, చెయ్యి బెణికిందా? ఇంకో పొద్దు రాగూడదా?” అని ఖాదర్ బాషా యడిగెను.

“నా చేతికేం కాలేదు బాషా. మా ఇంట్లో ఆమెకు ఎడంచెయ్యొకటే ఆడతాది. ఆ చేత్తో చేసుకోగలిగిందే నాకు కావాల.”

నవ్వులు నిలిచిపోయెను. ఖాదర్ బాషా తానును కుడిచేయి వెనుకకు మడచికొని నాలుగవ యంత్రమును తెఱచిచూచెను. పొడిగిన్నె తలుపువలె ప్రక్కకు తిరుగును. జల్లెడ లోహపుది, విడదీయు పనిలేదు. ఉక్కుకూజా తేలిక, మూత బొటనవ్రేలికే తెఱచుకొనును. అడుగున రబ్బరుపాదములు బల్లను కఱచిపట్టును. “ఇది తీసకపోండి సార్. ముందురోజే నీళ్లూ పొడీ పోసి టైం పెడితే తెల్లారి దానంతటదే దిగతాది. అమ్మకు బాగుంటాది” అని తానే మూటగట్టి యిచ్చెను.

ఇంట నా యంత్రమును మాణిక్యాంబ యెడమచేత తడవి చూచి నీరుపోసెను. పిమ్మట పొడిగిన్నెను తెఱచి రెట్టింపు పొడివేసి పాతయలవాటున వ్రేలికొసలతో నద్ది మీట నొక్కెను. యంత్రము గురగురలాడెను. కమ్మని డికాషనువాసన రెండేండ్లకు మరల నా యిల్లు నిండెను. సుదర్శనరావు కన్నులలో నీరు తిరుగ కుడిచేయి చాచుకొని నిలిచెను. ఆమె కాఫీ కలిపి గ్లాసును తీసికొనివచ్చి యతని చేతికి జానెడు దూరమున బల్లపై పెట్టెను.

“తీసుకోండి.”

“చేతికియ్యి మాణిక్యం.”

“బల్లమీద ఉండాది గదా.”

అతడు దిక్కుతోచక యెడమచేయి ముందుకు చాచెను. “ఇదిగో, నేనూ ఎడంచెయ్యే చాపుతుండా. ఇంకేం తప్పు?”

మాణిక్యాంబ యతని మొగము తేఱిపాఱజూచెను. “రెండు చేతులూ బాగుండేవోళ్లు ఎడంచెయ్యి చాపితే దాన్ని ఎగతాళంటారండీ. చెయ్యడం చేతగాక మానుకున్నాననుకున్నారా? ఆ పొద్దు చేసుకొచ్చినా గదా! చేతులు కాల్చుకోని చేసుకొచ్చినా. పుచ్చుకునే చెయ్యే లేకపాయె.”

అంగడిలో యంత్రములను కుదిపి కుదిపి చూచిన సుదర్శనరావు చేయుట యొకటే పరీక్షించెను గాని యిచ్చుట యనునది పరీక్షింపనేలేదు.

ఆ యంత్రము చేసిన మేలు తలచిన కడుపు మండును, చెప్పక తప్పదు. ప్రతిదినమును సాయంకాలమున మాణిక్యాంబ నీరుపోసి పొడి నద్ది అయిదున్నరకు దిగునట్లు వేళ పెట్టును. తెల్లవాఱుజామున నది తానే కాఫీ దించును. ఆమె గ్లాసు నామె నింపుకొనును, ఆతని గ్లాసు నాతడు నింపుకొనును. ఇచ్చుటయు పుచ్చుకొనుటయు రెండును నా యింటినుండి లేచిపోయెను. ఏ గ్లాసు తన చేతికి రావలెనని యతడు దానిని కొనితెచ్చెనో యా గ్లాసు నందించు పని కూడ నది మింగివైచెను. తన చేతితో తన కంటినే పొడుచుకొన్నట్లయ్యెను.

అయినను సుదర్శనరావు విడువలేదు. దినమును మార్చి దినము “చేతికియ్యి” అని యడుగుచునే వచ్చెను. నెలదినములైన పిమ్మట నొకనాటి సాయంకాలమున యంత్రమునకు వేళ పెట్టుచు మాణిక్యాంబ వెనుకకు తిరుగకయే యిట్లనెను.

“రేప్పొద్దున చేతికే ఇస్తాలెండి. ఈసారి గూడా చెయ్యి తీసుకున్నారా, ఈ జన్మలో మళ్లీ అడగబాకండి.”

అతడు పసివానివలె తలయూపెను.

మఱునాడు అయిదున్నరకు గురగురధ్వనియు కాఫీవాసనయు నతనిని లేపెను. ఆమెయే తెచ్చి యీయవలెను, తాను తొందరపడరాదని వసారాలో పడకకుర్చీలో కుడిచేయి తుడుచుకొని కూర్చుండెను. చుక్కలు పడుట ఆగెను. యంత్రము నిట్టూర్చి మిన్నకుండెను. పాలవాడు వచ్చి పోయెను. ఆమె రాలేదు. లోనికి పోయి చూచుసరికి మాణిక్యాంబ మంచముపై కన్నులు తెఱచుకొనియే యుండెను. నోరు ప్రక్కకు తిరిగియుండెను. మాట లేదు. పక్షవాతము రెండవమారు వచ్చి యీమారెడమచేయి తీసికొనిపోయెను.

అతని గావుకేకకు పొరుగింటి కామాక్షమ్మ పరుగున వచ్చి స్థితి చూచి ఆసుపత్రి బండికి ఫోనుచేసి “గుండె దిటవు చేసుకో అన్నయ్యా, బండి బయల్దేరింది. నేను వీథి మొగదల నిలబడతా” యని పోయెను. బండి వచ్చులోగా మాణిక్యాంబ కన్నులు వంటయింటివైపు పోయి మగనివైపు వచ్చి మరల వంటయింటివైపు పోవుచుండెను. మొదట నతనికి తెలియలేదు. నిన్న చేతికిచ్చెదనన్న గ్లాసుకొఱకని తెలిసినప్పుడు పొగిలి పొగిలి యేడ్చెను.

వంటయింటిలో యంత్రము కూజాను వేడిగా కాచుచుండెను. అతడు పాలైనను కలుపక పొగలుగ్రక్కు డికాషనును గ్లాసున పోసి తెచ్చి యామె యెడమచేయి నెత్తి చల్లనివ్రేళ్లు నొక్కొక్కటిగా గ్లాసుచుట్టు మడచి దానిక్రింద తన కుడిచేయి చాచెను.

“ఇయ్యి మాణిక్యం. చాపినా చూడు.”

ఆ వ్రేళ్లకు పట్టు లేదు. గ్లాసు మెల్లగా ఒరిగెను. మరుగుచున్న డికాషను అతని యరచేతిలో నిండి మణికట్టుమీదుగా మోచేతిదాక పాఱెను. చర్మము కమలి బొబ్బలెక్కెను. మాణిక్యాంబ ఱెప్పవేయక యా చేతినే చూచుచుండెను.

సుదర్శనరావు చేయి వెనుకకు తీయలేదు. ఆసుపత్రి బండి వచ్చి వీథిలో కూయువఱకును ఆ చేయి యా యెడమచేతి క్రిందనే యుండెను.