ఎడమవైపు స్టీరింగు

నేను ఒక స్టీరింగు చక్రాన్ని. ఎక్కడో మంచు కురిసే దేశపు ఫ్యాక్టరీలో తెల్లటి పికప్ బండికి ఎడమవైపున బిగించి, నన్ను కువైట్ ఇసుకలోకి పంపారు. అటువైపు ఉండటం ఒకనాటికి తప్పవుతుందని నాకు తెలియదు.

నన్ను పట్టుకున్న చేతులు పెంచలయ్యవి. రాజంపేట వైపు మనిషి. గొర్రెల మేత, నీళ్ల పీపాలు, యజమాని పిల్లలు, ఏది ఎక్కిస్తే అది తోలేవాడు. ఎండకు నేను కాలిపోతుంటే తడి తువాలు చుట్టి పట్టుకునేవాడు. ముసలి యజమాని పోతూ పోతూ బండిని పెంచలయ్యకు ఇచ్చేయమన్నాడు. ఆ రోజు పెంచలయ్య నా మీద తల ఆనించి చాలాసేపు లేవలేదు. ఇక ఒకరి కింద బతకనక్కర్లేదు. ఊరికి పోయి, తోటల నుంచి కోడూరు మార్కెట్టుకు అరటిగెలలు తోలుకోవచ్చు.

ఓడ ఎక్కించేముందు బండిని మెకానిక్ దగ్గరికి తీసుకుపోయి బ్రేకులు చూపించాడు, లైట్లు చూపించాడు, పొగ చూపించాడు. ఊళ్లో భార్య సుబ్బనరసమ్మ సిద్ధాంతిని అడిగి ఫోనులో చెప్పింది.

"తెలుపు నీ పేరుకు పడదంట మామా. ఎరుపు ఏపిచ్చు. మంగళారం మాత్రం ఓడెక్కియ్యాకు."

ఎరుపు వేయించాడు. మంగళవారం దాటించాడు.

కువైట్‌లో అతని గదిలోనే ఉండే ఖాదర్‌బాషా ఒక్కడే అడిగాడు. "మనకాడ రోడ్డుకు ఈ బండి పనికొస్తాదో లేదో కనుక్కున్యావా పెంచలన్నా?"

"మన గుంతలకని పెద్ద టైర్లు ఏపిచ్చినాలేబ్బా."

"నీ తెలివికి నిన్ను రోడ్ల మంత్రిని చేయాల."

ఇద్దరూ నా ముందే కూర్చుని నవ్వుకున్నారు. రోజూ చేతిలో ఉండేదాన్ని మనిషి చూడడు. నాకు నోరు లేదు. హారన్ ఉంది, అదీ వాళ్లు నొక్కితేనే.

మన రేవులో దిగేసరికి సుబ్బనరసమ్మ నిమ్మకాయలు, కుంకుమ పట్టుకుని నిలబడి ఉంది. తనిఖీ అధికారి అద్దంలోంచి ఒకసారి లోపలికి తొంగి చూశాడు. బ్రేకుల దాకా పోనేలేదు.

"స్టీరింగు ఎడమపక్క ఉందేమయ్యా. ఇది ఇక్కడ రోడ్డెక్కదు. పంపకముందే అడగొద్దా?"

"కుడిపక్కకు మార్పిచ్చుకుంటా సార్."

"అట్లా మార్చింది చెల్లదు. వెనక్కి పంపుకో, లేదా వదిలేసుకో."

వెనక్కి పంపే తాహతు పెంచలయ్యకు లేదు.

"సిద్ధాంతిని అన్నీ అడిగితి. ఇది అడగల్లని తెల్లేదే" అంది సుబ్బనరసమ్మ. నిమ్మకాయలు సీటు మీద పెట్టి, "నువ్వు దినామూ పట్టుకునేదే గదా మామా" అంది. పెంచలయ్య తన చేతుల వంక చూసుకున్నాడు.

రేవు వెనక దొడ్డిలో పడి ఉన్నాను. ఉప్పుగాలికి ఎరుపు పొరలు పొరలుగా లేస్తోంది. టైర్ల కింద నలగాల్సిన నిమ్మకాయలు సీటు మీదే ఎండిపోయాయి. నన్ను తుక్కు కింద ఇచ్చేస్తారని కాపలావాళ్లు అనుకుంటున్నారు.

నిన్న మధ్యాహ్నం పెంచలయ్య వచ్చాడు. ఎడమ తలుపే తీసి కూర్చున్నాడు. నన్ను తిప్పబోయాడు. తుప్పు పట్టి కదల్లేదు.

"మళ్లా కువైట్‌కే పోతాండా" అన్నాడు, నాతోనే.

అక్కడ ఇంకో బండి ఉంటుంది. దాని చక్రమూ ఎడమవైపే ఉంటుంది. అక్కడ దాన్ని ఎవరూ తప్పనరు.

దిగేముందు సీసాలో నీళ్లతో తువాలు తడిపి నాకు చుట్టి వెళ్లాడు. కాసేపటికే అది ఎండిపోయింది.