నాలుగే ర్యాంపులు

కోపం వస్తే నేను అరవను, గుడ్డ కత్తిరిస్తాను. ఆ సోమవారం మాత్రం నా ముందు గుడ్డ లేదు, రెండు మెట్లున్నాయి. మెట్ల పైన అద్దాల తలుపు, తలుపు మీద కొత్తగా అంటించిన ప్రభుత్వ స్టిక్కరు, స్టిక్కరు మీద చక్రాల కుర్చీ బొమ్మ. కింద రోడ్డు మీద నా చక్రాల కుర్చీలో నేను. నాలుగు రోజుల కిందట ఇదే తలుపులోంచి దర్జాగా లోపలికి వెళ్ళి ఉద్యోగం సంపాదించుకున్నాను. ఇవాళ చేరాలి. వెళ్ళే దారే లేదు.

మొదటి నుంచి చెప్తాను. లేకపోతే మా అన్నయ్య మీద నా కోపం మీకు అన్యాయంగా కనిపిస్తుంది.

మా అన్నయ్యది వెల్డింగ్ షాపు. గేట్లు, కిటికీ ఊచలు చేసేవాడు. ఫ్యాక్టరీ గేట్లు చవగ్గా దొరకడం మొదలయ్యాక ఈగలు తోలుకుంటూ కూర్చున్నాడు. నేను టైలర్ని. పదకొండేళ్ళుగా ఇంట్లో కిటికీ పక్కన కూర్చుని జిప్పులు మార్చడం, అంచులు మడిచి కుట్టడం. నాకు బాగా వచ్చింది అది కాదు, కటింగ్. అంగుళం గుడ్డ వృథా కాకుండా కొత్త నమూనా గీసి కత్తిరించమంటే నాకు అన్నం కూడా గుర్తుకు రాదు. దానికి పెద్ద బల్ల కావాలి. పెద్ద వీధిలోని బట్టల షాపు వెనక గదిలో అలాంటి బల్ల ఉందని విని మూడుసార్లు వెళ్ళి అడిగాను. మూడుసార్లూ యజమాని బయటికొచ్చి, పై మెట్టు మీద నిలబడి, "మీ పనితనం గురించి విన్నానమ్మా, కానీ మెట్లున్నాయి కదా" అన్నాడు. ఆ మెట్లు ఆయన కట్టించుకున్నవి కానట్టు, ఆకాశం నుంచి ఊడిపడ్డట్టు.

అప్పుడు కొత్త రూలు వచ్చింది. జనం వచ్చిపోయే ప్రతి షాపుకీ ర్యాంపు ఉండాలి. తనిఖీ చేయించుకుని సర్టిఫికెట్ తెచ్చుకోకపోతే లైసెన్సు పొడిగించరు. పొద్దున పేపర్లో ఆ వార్త చూశాను. మధ్యాహ్నానికి పూర్తి ఉత్తర్వు తెప్పించుకుని పదహారు పేజీలూ అక్షరం వదలకుండా చదివాను. సాయంత్రం అన్నయ్య షాపుకు వెళ్ళి, ఎప్పట్లాగే మెట్టు కింద రోడ్డు మీద ఆగి కేక వేశాను.

"అన్నయ్యా, నీకు పనొచ్చింది!"

"ఎవరికో గేటు కావాలా?"

"గేటు కాదు. పెద్ద వీధిలో ఇరవై షాపులూ ఒకడే కట్టాడు. అన్నిటికీ రెండే మెట్లు, సరిగ్గా అడుగు ఎత్తు. ఒక్క కొలత తీస్తే ఇరవైకీ సరిపోతుంది. మిగతా వెల్డింగ్ వాళ్ళు మేలుకునేలోపు నువ్వు మొదలెట్టెయ్."

కొలతలు కూడా నేనే గీసిచ్చాను. అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవు. అంతకంటే తగ్గితే అది ర్యాంపు కాదు, జారుడు బల్ల. రోడ్డుకు అడ్డం రాకుండా గోడ వెంబడి పక్కకు తిప్పాలి. పన్నెండడుగుల ఇనుము ఒకే ముక్కగా మోయలేం కాబట్టి రెండు ముక్కలు చేసి బోల్టులు బిగిద్దామన్నదీ నేనే. ఆ బోల్టుల సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా నెత్తి నేనే కొట్టుకోవాలనిపిస్తుంది. చూపు ఆననివాళ్ళకు అంచు తెలియాలని, మొదటి నాలుగు ర్యాంపులకూ అంచుల వెంబడి నీలం రంగు నా చేత్తో నేనే వేశాను.

ఆ నాలుగింటి తర్వాత నా దగ్గరికి రంగు పని రాలేదు. అన్నయ్య మాత్రం కొత్తగా ట్రాలీ ఆటో కొన్నాడు. "మిగతావి చేస్తున్నావా?" అని అడిగితే "నడుస్తోందిలే" అనేవాడు. నడుస్తోందంటే నిజంగా కాళ్ళొచ్చి నడుస్తోందని నాకేం తెలుసు?

పోయిన బుధవారం ఇంటికొచ్చాడు. "రేపు పదింటికి బట్టల షాపుకెళ్ళు చెల్లాయ్. ర్యాంపు పెట్టేశాం. ఆయనకి కటింగ్‌కి మనిషి కావాలట, నీ గురించి నేనే చెప్పాను" అన్నాడు. అన్నయ్యను ఆ రోజు నేను నోరారా మెచ్చుకున్నాను.

గురువారం వెళ్ళాను. గోడ వెంబడి నీలం అంచుల ర్యాంపు. ఎవరి సాయమూ లేకుండా, నా రెండు చేతులతో చక్రాలు తిప్పుకుంటూ ఎక్కాను. తలుపు దగ్గర ఫైలు పట్టుకున్న ఒకాయన నన్ను చూసి చిరునవ్వు నవ్వి కాగితం మీద ఏదో టిక్కు పెట్టుకున్నాడు. యజమాని రెండే ప్రశ్నలు అడిగి, బల్ల చూపించి, సోమవారం చేరమన్నాడు. ఆ బల్ల మీద ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చెయ్యి వేసి నిమిరాను. అప్పుడెంత సంతోషపడ్డానో చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఇక సోమవారం. యజమాని యథాప్రకారం పై మెట్టు మీదికొచ్చి నిలబడ్డాడు.

"ర్యాంపు ఏదండీ?" అన్నాను.

"తీసుకెళ్ళిపోయారు కదమ్మా. ఒక్క రోజుకేగా మాట్లాడుకుంది."

"ఎవరు తీసుకెళ్ళారు?"

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "మీ అన్నయ్యే! మీకు చెప్పలేదా? తనిఖీ రోజుకి ర్యాంపు, ఎక్కి చూపించడానికి మనిషి, రెండూ తనే పంపిస్తానన్నాడు."

ఆ మనిషిని నేను. ఒళ్ళు మండిపోయింది. ఆయన చెప్పుకుంటూ పోతూనే ఉన్నాడు. మా వాళ్ళిద్దరు మిమ్మల్ని ఎత్తి లోపల కూర్చోబెడతారన్నాడు. నేను గుడ్డల మూటను కానన్నాను. పోనీ పని ఇంటికే పంపిస్తానన్నాడు. బల్ల కూడా పంపిస్తారా అని అడిగాను.

వీధి పొడుగునా చూసుకుంటూ వెళ్ళాను. అద్దం అద్దానికీ స్టిక్కరు ఉంది, ఒక్కచోట కూడా ర్యాంపు లేదు. చిట్టచివర మందుల షాపు ముందు కనిపించింది నా నీలం అంచు. అన్నయ్య మోకాళ్ళ మీద కూర్చుని బోల్టులు బిగిస్తున్నాడు. నన్ను చూడగానే, నేను నోరెత్తకుండానే, అతనికి గొడవ అర్థమైంది.

"అరవకు. అమ్ముతానంటే ఒక్కడూ కొనలేదే. గోడకి అడ్డం పెడితే అద్దంలో సరుకు కనపడదంటారు. అద్దెకిస్తానన్నాను, క్యూ కట్టారు. వాళ్ళకి కావలసింది ర్యాంపు కాదు చెల్లాయ్, సర్టిఫికెట్. జనం ఏది అడిగితే అది ఇవ్వడమే వ్యాపారం."

"మరి నన్నెందుకు అద్దెకిచ్చావు?"

చేతిలో పానా ఆగింది. "ఆయనకి పనవుతుంది, నీకూ ఉద్యోగం వస్తుంది కదా అనుకున్నాను."

"వస్తుంది. రోజూ లోపలికి ఎలా వెళ్తాననుకున్నావు?"

చాలాసేపు ఆలోచించాడు. "అంతదూరం ఆలోచించలేదే" అన్నాడు.

అబద్ధం చెప్పినా అంత కోపం వచ్చేది కాదు. నాతో కలిసి పెరిగినవాడు, నన్ను వీపున వేసుకుని స్కూలుకు మోసినవాడు, నిజంగానే ఆలోచించలేదు.

ఇంటికొచ్చి ఉత్తర్వు మళ్ళీ తీశాను. అన్నయ్య మొదటి రెండు పేజీలు విని వ్యాపారం పెట్టాడు. పద్నాలుగో పేజీ ఒకటుంది. లోపలికి వెళ్ళలేకపోయిన మనిషి ఫొటోతో సహా ఫిర్యాదు ఇస్తే, సర్టిఫికెట్ ఉన్నా సరే, ఐదు పనిదినాల్లో మళ్ళీ తనిఖీ చేయాలి. షాపుకు ఒక్క రోజు ముందు కబురు పెడితే చాలు. మర్నాడంతా ఫొటోలు తీశాను, రాత్రికి చేతులు నొప్పెట్టేదాకా రాశాను. బుధవారం ఆఫీసుకు వెళ్ళాను. ఆ ఆఫీసుకు మాత్రం ర్యాంపు ఉంది, సిమెంటుది, ఎవడూ ఆటోలో వేసుకుపోలేనిది.

నా ఫిర్యాదుల కట్ట చూసి గుమాస్తా గుడ్లు తేలేశాడు. "ఇన్నా! దాదాపు అన్నీ ఒకే వీధి కదమ్మా, విడివిడిగా ఎందుకు? వచ్చే మంగళవారం పదింటికి అన్నీ ఒకేసారి చూసేస్తారులే."

"నాకూ అదే కావాలండీ" అన్నాను.

తనిఖీకి ముందు రోజు మధ్యాహ్నం అన్నయ్య షాపుకు వెళ్ళి మెట్టు కింద ఆగాను. అతను గుమ్మంలో నిలబడి ఉన్నాడు, చేతిలో ఫోను ఆగకుండా మోగుతోంది.

"ఎవడో నా పొట్ట కొట్టాడు చెల్లాయ్! రేపు పదింటికి ఇరవై షాపులకీ తనిఖీ అట. అందరూ నాకే ఫోన్లు. నా దగ్గరేమో నాలుగే ఉన్నాయి!"

"తెలుసు. రంగు వేసింది నేనే కదా."

ఫోను మోగి మోగి ఆగిపోయింది. అన్నయ్య ముఖం చూస్తుండగానే మారిపోయింది. "నువ్వా?"

"ఇరవై కాదు, ఇరవై ఒకటి. నీ బల్ల మీద ఆ కవరు ఇంకా విప్పినట్టు లేవు."

చించి చదివాడు. వెల్డింగ్ షాపు, ఒక మెట్టు, ర్యాంపు లేదు, సర్టిఫికెట్ లేదు, ఫిర్యాదు చేసినవారు ఫలానా. కింద నా సంతకం.

"సొంత అన్న మీదా? నీకేమైనా మతి పోయిందా? ఆ ఉద్యోగం కూడా పోతుంది, తెలుసా!"

"మెట్ల పైనున్న ఉద్యోగం నాకు ఉంటే ఎంత, పోతే ఎంత?" అన్నాను. ఈసారి అరిచాను. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూశారు. సైకిలు దిగి మరీ చూశాడొకడు.

అన్నయ్య గొంతు తగ్గించాడు. "వీధిలో పరువు తియ్యకు. నలుగురూ చూస్తున్నారు. లోపలికి రా, కూర్చుని మాట్లాడుకుందాం."

తలుపు బార్లా తీసి, పక్కకు తప్పుకుని, నాకోసం దారి వదిలాడు. నేను కదల్లేదు. నేనెందుకు కదలడం లేదో అతనికి కాసేపు అర్థం కాలేదు. తర్వాత కళ్ళు దించి మెట్టు చూశాడు.

ఆ షాపు తెరిచి పద్దెనిమిదేళ్ళయింది. రోడ్డు మీంచి కనపడే ఆ బల్ల తప్ప, దాని లోపల ఏముందో నేను ఇంతవరకు చూడలేదు.