మెడ తిరిగే మర్యాద

కొరియాలోని మొక్‌పో రేవు వెనక సందులో బోటి కాల్చి అమ్మే ఛోన్‌బేది విరిగిన ముక్కు, మెడ నిండా పచ్చబొట్టు. ఒకప్పుడు తాగుబోతులను సారాకొట్లలోంచి గెంటడమే అతని వృత్తి. మేడమీద అద్దెకున్న ఆమె చనిపోతే, ఆమె ఏడేళ్ల కూతురు ఉన్‌సోల్‌ను పెంచింది ఇటువంటి మనిషి. కన్నతండ్రి మాన్‌సోక్ అప్పుడు చేపల ఓడమీద, తరువాత బుసాన్‌లో మరొక సంసారంలో ఉన్నాడు. వచ్చే నెలలో ఉన్‌సోల్ పెళ్లి. పెళ్లి మండపంలో పెళ్లికూతురి తండ్రి కూర్చునే కుర్చీ తనదని చెప్పడానికి, పద్దెనిమిదేళ్ల తరువాత, మధ్యాహ్నం భోజనాల వేళకు అతడు కొత్త సూటులో దిగాడు.

వాదించవలసిన అవసరమే రాలేదు.

"కుర్చీ మీదేనండీ, అన్నగారూ. రక్తం మీది కదా" అన్నాడు ఛోన్‌బే, పెనం మీద పేగులు తిరగేస్తూ.

అంత సులువుగా చిక్కిన గెలుపు మాన్‌సోక్‌కు రుచించలేదు. ఎదుటివాడు ఓడినట్టు కనబడాలి. అందుకని సాక్ష్యాలు వెదకసాగాడు. బల్ల దగ్గర ఎదురుగా కూర్చున్న ఉన్‌సోల్ తనను "నాన్నగారూ" అంటోంది. వాణ్ణి ఉత్త "బాబాయ్". తాను సోజు సారా పోస్తే రెండు చేతులా అందుకుని, పెద్దల ముందు తాగే పద్ధతిలో మొహం పక్కకు తిప్పుకుని తాగింది. ఛోన్‌బే పోసినప్పుడు మాత్రం ఒంటిచేత్తో లాక్కుని, అతని కళ్లలోకి చూస్తూనే గుటకేసింది.

"ఏమయ్యా, పెద్దల ముందు ఎలా తాగాలో పిల్లకి నేర్పలేదా?"

"నేర్పానండీ. ఒసేయ్, పరువు తీశావు కదే!"

"నీకు పరువెక్కడిది బాబాయ్? ముక్కుతోపాటే పోయింది. పేగులు మాడుతున్నాయి, ముందు అది చూసుకో."

మాన్‌సోక్ పెద్దగా నవ్వాడు. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. మొహం తిప్పి తాను తాగింది ఎవరి ముందు? ఓడ కెప్టెన్ల ముందు, యజమానుల ముందు. తనకు బియ్యపు కల్లు తాగడం నేర్పిన సొంత తండ్రి ముందు ఒక్కనాడూ తిప్పలేదు.

అతడు మళ్లీ పోశాడు. "ఈసారి తిరక్కుండా తాగమ్మా. నేనేం పరాయివాణ్ణా?"

ఉన్‌సోల్ గిన్నె ఎత్తింది. కళ్లు అతని మీదే నిలిపింది. గిన్నె పెదవిని తాకగానే మెడ గోడవైపు తిరిగిపోయింది. మరోసారి ప్రయత్నించింది, మళ్లీ అంతే.

"క్షమించండి, నాన్నగారూ. కావాలని కాదండీ. దానంతటదే తిరిగిపోతోంది."

ఛోన్‌బే చూపు దించుకున్నాడు. తిట్టినా భరించగలిగేవాడే కాని, ఆ జాలిని మాన్‌సోక్ భరించలేకపోయాడు. తాను ఆ కుర్చీలో కూర్చుంటే ఏమవుతుందో లెక్కవేసినంత స్పష్టంగా కనబడింది: పెళ్లికూతురు తనకు వంగి నమస్కరిస్తుంది, ఆమె కళ్లు జనంలో విరిగిన ముక్కును వెదుకుతాయి. ఆ వెదుకులాటను అందరికంటే దగ్గరనుంచి చూడవలసినవాడు తానే.

"కుర్చీలో నువ్వే కూర్చో. నేను రాను" అన్నాడు లేస్తూ.

"ఎంత పెద్ద మనసండీ మీది!" అన్నాడు ఛోన్‌బే, పెనం వదిలి ముందుకు వచ్చి.

అది పెద్ద మనసు కాదని, ఉత్త కడుపుమంట అని మాన్‌సోక్‌కు తెలుసు. వీధి మలుపు తిరిగేదాకా ఉన్‌సోల్ గుమ్మంలో నడుము వంచి నిలబడే ఉంది, గౌరవంగా.