సాంబయ్య చొక్కా మడతలు

కారంపూడి బస్టాండు దాటాక వచ్చేది బ్రహ్మాజీ విగ్రహాల షెడ్డు. పొద్దున్నే షట్టరెత్తి, వాకిట్లో నీళ్లు చల్లి, మట్టి పిసికి పెట్టటం అనూష పని. ఆయన దగ్గర పని నేర్చుకుంటోంది. ముఖాలు ఇట్టే పట్టేసింది గానీ, గుడ్డ మడతల దగ్గరే బోల్తా కొడుతోంది. ఆమె చేసిన పంచె చూస్తే మనిషికి రేకు చుట్టినట్టుండేది.

"మడత ఊరికే పుట్టదమ్మాయ్! భుజమో మోకాలో పట్టుకుంటేనే గుడ్డ అక్కణ్ణుంచి జారుద్ది. ఆ పట్టు ఎక్కడుందో ముందు చూడు" అని బ్రహ్మాజీ చెప్పి చెప్పి విసిగిపోయాడు. ఈసారి కూడా కుదరకపోతే మిరపకాయల తొడిమలు తీసే పనికే పొమ్మన్నాడు. ఆ పని తల్చుకుంటేనే అనూషకి చేతులు మండాయి.

విగ్రహం చేయించేవాళ్లు ఫొటోతో పాటు పోయిన మనిషి విడిచిన బట్టలు కూడా తెస్తారు. స్టూలు మీద పెడితే అవి లేచి కూర్చుంటాయి, లోపల మనిషి లేకుండానే. దర్జా మనిషి పంచె కాలు మీద కాలేసుకుంటుంది. మొహమాటస్తుడి చొక్కా స్టూలు అంచున సర్దుకుంటుంది. బ్రహ్మాజీ మర్యాదకి ఓ టీ తెప్పించి పక్కన పెట్టి, చల్లారాక తనే తాగుతాడు. ఆ కూర్చున్న బట్టల్ని చూసి కాగితం మీద గీసుకుని, తర్వాత మట్టిలో మడతలు తేవాలి.

ఆ సోమవారం నరసింహారావు తన వదిన బుజ్జమ్మని వెంటబెట్టుకుని వచ్చాడు. బుజ్జమ్మ మొగుడు సాంబయ్య క్వారీలో రాళ్లు కొట్టేవాడు. పొలం గట్టు దగ్గర ఈ తమ్ముడితోనే తగాదా పడి, నడికుడిలో రైలెక్కి వెళ్లిపోయాడు. రెండేళ్లుగా జాడ లేదు.

"ఇంకెక్కడి మనిషి, పోయే ఉంటాడు. పొలంలో విగ్రహం నిలబెట్టి కర్మ చేయిద్దాం. ఆ రోజే వదిన బొట్టూ గాజులూ తీసేస్తది. పొలం నేను చూసుకుంటా" అన్నాడు నరసింహారావు.

బుజ్జమ్మ మొగుడి బట్టల్ని ఒళ్లో పెట్టుకుని నేల చూపులు చూస్తోంది. కాదని ఒక్కరన్నా అంటారేమోనని ఇన్నాళ్లూ కాచుకుంది పాపం, ఎవరూ అనలేదు.

అనూష బట్టలు స్టూలు మీద పెట్టింది. టీ వచ్చింది. బట్టలు మాత్రం లేవలేదు. దులిపి పెట్టింది, సర్ది పెట్టింది, ఊహూ! చేసేదేం లేక ఆ కుప్పనే గీయటం మొదలెట్టింది. పట్టు కోసం వెతికింది. భుజం లేదు, మోకాలు లేదు. మడతలన్నీ కిందికి జారి స్టూలుని ఆనుకుని ఉన్నాయి. అనుమానమొచ్చి, బట్టల పక్కన తన చున్నీ తీసి వేసి చూసింది. అదీ అట్టాగే కూలబడింది.

"బాబాయ్, ఈయన బతికే ఉన్నాడు. నా చున్నీ లాగే ఈయన బట్టలూ లేవట్లా" అంది బ్రహ్మాజీతో.

నరసింహారావు గయ్యిమన్నాడు. "మడతలెయ్యటం చేతగాక సాకులు చెప్తందీ పిల్ల! ఇంకెవరి బట్టలన్నా చూసి వెయ్యండయ్యా. ఎవరి మడతలైతే ఏంది?"

సరేనంటే అనూషకి పని నిలబడుతుంది. ఎవరికి తెలుస్తుంది గనక?

"నేనెయ్యను" అంది.

బ్రహ్మాజీ కాగితం అందుకున్నాడు. స్టూలు మీది కుప్పనీ కాగితం మీది కుప్పనీ మార్చి మార్చి చూశాడు.

"చానా బాగా పడ్డాయే మడతలు! రేపట్నుంచి బట్టల పనంతా నువ్వే చూడు" అన్నాడు అనూషతో. తర్వాత నరసింహారావు వైపు తిరిగి, "బతికున్న మనిషికి నేను విగ్రహం చెయ్యను. పోయిరండి" అన్నాడు.

బుజ్జమ్మ లేచి వచ్చి చొక్కా చేతిలోకి తీసుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. భోరుమని ఏడ్చింది.

"ఏంది వదినా ఇది, నలుగురిలో! ఇంటికి పద" అన్నాడు మరిది.

"నువ్వు పో. పెట్టెలో పడుండి గుడ్డలు కంపు కొడతన్నయ్. నేను సబ్బు కొనుక్కుని వస్తా. ఆయనొస్తే కట్టుకోవటానికి ఉతికినియ్యన్నా ఉండొద్దా?"