పది లక్షల మూడు

పొద్దున్నే అక్కాచెల్లెళ్ళ కుట్టుకొట్టు తలుపు తీయగానే చెల్లెలు బొత్తాల మిషన్ మీద అంకె చూస్తుంది. ఆ మిషన్ బొత్తాం కుట్టినప్పుడల్లా అంకె ఒకటి పెరుగుతుంది, దాని గుణమే కొట్టంతటికీ పట్టుకుంటుంది. ఆరు తొమ్మిదులు వరసగా పడ్డప్పుడు, అది మూడుకీ ఏడుకీ పదకొండుకీ పదమూడుకీ లొంగే ధర్మాత్మురాలు కాబట్టి, ఎంతమంది వచ్చినా తెచ్చిన బిస్కెట్లు సరిపోయాయి. పది లక్షలకి, అది వర్గమూ ఘనమూ కూడాను, వంకర గుడ్డ సైతం చచ్చినట్టు చదరంగా మడత పడింది. ఆ తర్వాతది ఎటునుంచి చదివినా ఒకటే కాబట్టి ఒక చొక్కా ముందేదో వెనకేదో తెలియక సతాయించింది. దేనికీ భాగం పోని ప్రధాన సంఖ్య పడితే మాత్రం కొట్టులో ఏదీ తెగదు, చీలదు. ఇంకో బొత్తాం కుట్టేసి పని కానిస్తారు.

ఆ వారం వచ్చిన చిక్కు వేరే. అక్క ఒక కోటుకి చేతులు పొట్టి చేసింది. ఆ మాట చెల్లెలు కోటు మనిషి ముందే అనేసింది. నిజమే అయితే మాత్రం, అలా మొహాన అనేయడమేనా? అక్క మాట్లాడటం మానేసింది. చివరికి బాబాయిని పిలిపించి కొట్టు పంచేయమంది. నాన్న చేయించిన పొడుగాటి కత్తిరింపు బల్లని కూడా సగానికి కోయించమంది.  చెల్లెలేమో నాన్న పోయాక ఆ బల్ల కిందే ఆడుకుని, ఆ అక్క చేతి కిందే పెరిగింది మరి.

పక్క కొట్టు వడ్రంగి వచ్చి రంపం పెట్టాడు. ఎంత లాగినా బల్ల మీద గీతైనా పడలేదు. నలుగురూ మిషన్ వైపు చూశారు. పది లక్షల మూడు.

బాబాయి మూడుతో మొదలుపెట్టి భాగించీ భాగించీ చెమట తుడుచుకున్నాడు.

"ఇది ఎవరికీ లొంగే రకం కాదు. ఒక్క బొత్తాం కుట్టు తల్లీ, నాలుగవుతుంది. చక్కగా రెండుగా విడిపోతుంది."

అక్క మిషన్ ముందు కూర్చుంది. చొక్కా సర్దింది, బొత్తాం పెట్టింది, పెడల్ మీద కాలు ఆనించింది. వడ్రంగి రంపం పట్టుకుని చూస్తున్నాడు. ఎంతసేపైనా ఆ కాలు నొక్కలేదు.

చెల్లెలు వెళ్ళి పక్కన నిలబడింది.

"ఆ మాట నీతో విడిగా చెప్పాల్సింది అక్కా," అంది. "నువ్వు లేకుండా నాకు చేతకాదు."

అక్క పైటతో ముక్కు తుడుచుకుని, పెడల్ మీంచి కాలు తీసేసింది.

"సూది ఇటియ్యి. చేత్తో కుడతాను," అంది.

అంకె ఇప్పటికీ అక్కడే ఉంది. దారం తెంపాలన్నా గుమ్మం దాటాలి. గుడ్డ కత్తిరించాలంటే అక్కాచెల్లెళ్ళు చెరో కొసా పట్టుకుని వడ్రంగి కొట్టుకి మోసుకెళ్తారు. కొలత చెల్లెలు చూస్తుంది, కత్తెర అక్క పడుతుంది. ఒక్క బొత్తాం కుడితే పోయేదానికి ఈ తిప్పలేమిటని వడ్రంగి రోజూ గొణుగుతాడు. గొణుగుతూనే బల్ల మీది రంపపు పొట్టు ఊడ్చి వాళ్ళిద్దరికీ చోటిస్తాడు.