మామ పేరు

మా పాపువా తీరాన కోడలు మామ పేరు నోటితో అనకూడదు. అంటే తప్పు, అంతే. ఎందుకని అడిగినవాళ్ళు లేరు.

ఆ రోజు వేటకెళ్ళిన దోనెలు తిరిగొచ్చే వేళకి గాలివాన కమ్ముకుంది. అలాంటప్పుడు ఆడవాళ్ళు ఒడ్డున నిలబడి ఎవరి మగవాళ్ళని వాళ్ళు పేరు పెట్టి పిలుస్తారు. తమ పేరు ఎటునుంచి వినిపిస్తే అటు దోనె తిప్పుకుంటారు వాళ్ళు. కోనియో మొగుడు కలప కొట్టే పనికి దూరం పోయాడు, అత్త ఏనాడో పోయింది. సముద్రంలో ఉన్నది మామ మొరియా, అదీ చూపు ఆననివాడు. నిండు చూలాలు కోనియో నీళ్ళలో నిలబడి "మామా, మామా" అని గొంతు చించుకుంది.

"అలా అరిస్తే ఎవరి మామ అనుకుంటాడే?" అంది పొరుగింటి హేని.

"పేరెలా అనను పిన్నీ? నువ్వన్నా పిలువు."

"నా కొడుకింకా ఒడ్డుకి రాలేదే తల్లీ," అని హేని తన కొడుకునే పిలుచుకుంది.

మర్నాడు మొరియా దోనె ఖాళీగా కొట్టుకొచ్చింది.

నెల తిరక్కుండా కోనియోకి కొడుకు పుడితే, పెద్దలు తాత పేరే పెట్టారు. కన్నకొడుకుని కూడా "ఒరేయ్" అనే పిలుచుకుంటూ పెంచింది.

మొన్న వాడు ఆటలో పడి, పోటెక్కుతున్న నీళ్ళలోకి నడిచిపోతున్నాడు. "ఒరేయ్, ఒరేయ్" అని అరిస్తే ఒడ్డునున్న పిల్లలంతా తిరిగి చూశారు, వాడు తప్ప.

"మొరియా," అని కేకేసింది కోనియో.

వాడు టక్కున తిరిగి, నవ్వుకుంటూ ఒడ్డుకొచ్చేశాడు. ఆమె వాణ్ణి ఎత్తుకోలేదు. సముద్రంకేసి చూస్తూ తడి ఇసకలో కూలబడింది.

"పిలిస్తే వచ్చేవాడివే మామా," అంది.